సృష్టికథకు తేదీ వెదకినవారు: ఆదికాండము, మన్వంతరములు, రెండు కూటగ్రంథములు

క్రీ.శ. 1788లో కలకత్తా నగరమునుండి ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ ప్రథమసంపుటము వెలువడెను. గ్రీసు, ఇటలీ, భారతదేశముల దేవతలను పోల్చుచు సర్ విలియం జోన్సు వ్రాసిన వ్యాసమొకటి అందులో కలదు. ఆయన సుప్రీం కోర్టు న్యాయమూర్తి, సంస్కృతాభ్యాసి, నిష్ఠ గల క్రైస్తవుడు. ఆ వ్యాసమధ్యమున ఆయన తన మతమునకు తానే ఒక పరీక్ష విధించెను. ప్రాచ్యదేశపు అలంకారశైలికి తగినంత అవకాశమిచ్చిన పిమ్మటనైనను, బైబిలులోని ఆదికాండము మొదటి పదకొండు అధ్యాయములు సత్యము కావలెను. కానిచో తన జాతి మతసౌధమంతయు అసత్యము కావలెను. ఈ రెండింటికి నడుమ మూడవ మార్గము లేదని ఆయన నిశ్చయము.

న్యాయస్థానములో వాది గెలువవలెను, లేదా ప్రతివాది గెలువవలెను. సృష్టికథను ఆ విధముగా బోనునెక్కించినవారిలో జోన్సు మొదటివాడు కాదు, చివరివాడును కాదు. కాని ఆయన పరిస్థితి విలక్షణమైనది. ఆయన బల్లమీద ఒక ప్రక్క లోకవయస్సును ఆరువేల సంవత్సరములకు లోపల నిలిపిన క్రైస్తవ గణన. మరియొక ప్రక్క కలియుగమునకే 4,32,000 సంవత్సరములు, మహాయుగమునకు 43,20,000, బ్రహ్మకు ఒక పగలైన కల్పమునకు 432 కోట్లు చెప్పు పురాణసంగ్రహము. ఈ రెండు లెక్కలు ఒకచోట చేరినప్పుడు ఐరోపాలోని విశ్వాసులును సంశయవాదులును ఏమి చేసిరను చరిత్ర వైదికధర్మానుయాయులకు పరాయి వివాదము కాదు. ఆ వివాదమున సాక్ష్యమునకు పిలువబడినవి పురాణములే. ఒక తరుణమున మచిలీపట్టణమును, నరసాపురమును సైతము అందులోనికి వచ్చినవి.

ముందుగా మూలగ్రంథమును చూడవలెను. ఆదికాండము మొదటి అధ్యాయమున దేవుడు ఆరు దినములలో సృష్టిని ముగించి ఏడవ దినమున విశ్రమించెను. వెలుగు మొదటి దినముననే కలిగినది. సూర్యచంద్రులు నాలుగవ దినమున గాని కలుగలేదు. వృక్షజాతి మూడవ దినమున, జలచరములును పక్షులును అయిదవ దినమున, భూజంతువులును స్త్రీపురుషులును ఆరవ దినమున పుట్టిరి. రెండవ అధ్యాయము నాలుగవ వచనమునుండి మరియొక కథనము ఆరంభమగును. అచ్చట మొదట నేలమంటితో పురుషుడు నిర్మింపబడును. పిమ్మట తోట, ఆ పిమ్మట జంతువులు, చివరకు అతని ప్రక్కటెముకనుండి స్త్రీ. తెలుగు బైబిలును తెరచినవారికి సైతము ఈ భేదము కనబడును. మొదటి కథనమున ‘దేవుడు’ అని మాత్రమే ఉండగా రెండవదానియందు ‘దేవుడైన యెహోవా’ అని ఉండును. 1753లో ఝాఁ ఆస్త్రుక్ అను ఫ్రెంచి వైద్యుడు ఈ నామభేదమును పట్టుకొని, మోషే తనకు పూర్వమున్న వేర్వేరు కథనములను కూర్చి ఈ గ్రంథమును వ్రాసెనని ఊహించెను. ఆయన ఉద్దేశము మోషేను ఖండించుట కాదు, సంశయవాదులనుండి కాపాడుట. తరువాతి విమర్శకులు మాత్రము ఆ పనిముట్టునే వేరొక పనికి వాడుకొనిరి.

లోకమునకు వయస్సు ఇంత అని ఆదికాండము ఎచ్చటను చెప్పదు. అయిదవ, పదకొండవ అధ్యాయములలో వంశావళులు కలవు. ఆదాము 130 ఏండ్ల వయస్సున షేతును కనెను, షేతు 105 ఏండ్లకు తన కుమారుని కనెను, ఇట్లు వరుస సాగును. వీటిని కూడినగాని సంఖ్య రాదు. కూడుటలోను ఏకవాక్యత లేదు. హీబ్రూ మూలముకంటె ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింటులో పలువురి వయస్సులకు నూరేసి ఏండ్లు అధికముగా నుండును. అందుచేత బైజాంటియము క్రైస్తవులు సృష్ట్యాదిని క్రీ.పూ. 5509లో నిలిపిరి, యూదుల పంచాంగము క్రీ.పూ. 3761 అనును. 1650లో ఐర్లండు దేశపు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ అక్టోబరు 23 ఆదివారమునకు ముందటి సాయంసమయమును, క్రీ.పూ. 4004ను నిర్ణయించెను. అషర్‌ను నేడు పరిహసించుట సులభము, కాని న్యాయము కాదు. వంశావళులు ఆగిపోయిన చోట ఆయన బాబిలోను, పారసీక, గ్రీకు రాజుల కాలములతో పొత్తు కుదిర్చి లెక్క సాగించెను. ఆ శతాబ్దమున అది ఉత్తమశ్రేణి చరిత్రపరిశ్రమ. 1701నుండి ఆ సంవత్సరములు ఇంగ్లీషు బైబిలు పుటల అంచులలో ముద్రింపబడజొచ్చినవి. అంచున నున్న సంఖ్య క్రమముగా మూలముననే ఉన్నదన్నట్లు పాఠకుల మనస్సున స్థిరపడెను.

అషర్‌కు పన్నెండు వందల ఏండ్లకు ముందే ఈ కథను పఠించుటలోని క్లేశమంతయు అనుభవించిన మహాపురుషుడొకడు కలడు. ఉత్తర ఆఫ్రికాలో 354లో జన్మించిన అగస్టీను యౌవనమున సుమారు తొమ్మిది సంవత్సరములు మానీ మతానుయాయి. ఆ మతస్థులకు ఆదికాండము హాస్యవస్తువు. మనుష్యుడు దేవుని స్వరూపమున సృజింపబడెనన్నచో దేవునకు వెండ్రుకలు, గోళ్లు ఉన్నవా అని వారు అడిగెడివారు. సృష్టికి పూర్వము దేవుడు ఏమి చేయుచుండెనని అడిగెడివారు. అగస్టీను ఆ ప్రశ్నలకు లొంగిపోయి, తల్లి పట్టుకొనిన గ్రంథమును విడిచెను. తరువాత మిలాను నగరమున అంబ్రోసు బిషప్పు ప్రవచనములలో ఆ గ్రంథమునకే ఆధ్యాత్మికార్థము వినబడి, మరల దానిని చేపట్టెను. 387లో బాప్తిస్మము పొందెను.

సాధారణముగా ఇట్టి కథ ఇచ్చటితో ముగియును: సంశయాత్ముడు విశ్వాసి అయ్యెను, ప్రశ్నలు తీరెను. అగస్టీను విషయమున అట్లు జరుగలేదు. విశ్వాసి అయిన పిమ్మటనే ఆయన ఆదికాండపు ఆరంభమును అయిదు పర్యాయములు వ్యాఖ్యానింప యత్నించెను. అందొకటి మధ్యలో విడిచిపెట్టెను. పదునైదు సంవత్సరములకు సమీపముగా శ్రమించి వ్రాసిన బృహద్వ్యాఖ్యకు ‘ఆదికాండపు అక్షరార్థము’ అను పేరు పెట్టెను. అయినను అక్షరార్థమనగా నేటివారు తలచునది కాదు. సూర్యుడు లేని మొదటి మూడు దినములలో ఉదయాస్తమయములేమిటని ఆయనకు పూర్వమే ఓరిజెను ప్రశ్నించియుండెను. అగస్టీను ఆ దినములు సూర్యగతిచే కొలువదగినవి కావనెను. సృష్టి యంతయు ఏకకాలమున జరిగినదనియు, రాబోవు ప్రాణులు విత్తనమున వృక్షమువలె కారణరూపమున అందుండెననియు తలచెను. కాలము సైతము సృష్టమే గనుక, సృష్టికి ముందు అను మాటకే అర్థము లేదనెను. ఈ చివరి వాక్యము వేదాంతశ్రవణము చేసినవారికి సుపరిచితముగా తోచును.

ఆ గ్రంథమున ఒక హెచ్చరిక కూడ కలదు. ఆకాశమును, గ్రహగతులను, జంతుజాతులను గూర్చి అన్యమతస్థులకు యుక్తిచేతను పరిశీలనచేతను తెలిసిన విషయములను క్రైస్తవుడు ధర్మగ్రంథము పేరిట తప్పుగా పలికినచో, నవ్వులపాలగునది అతడు మాత్రమే కాదు, ఆ గ్రంథమును గూడ అని ఆయన బాధపడెను. అట్లని ఆయనను ఆధునికునిగా చిత్రించుట తగదు. మానవచరిత్ర ఆరువేల ఏండ్లు నిండలేదనియే ఆయన నమ్మకము; ఈజిప్టువారి దీర్ఘకాలగణనలను కల్పనలని త్రోసిపుచ్చెను. దినములయందు చూపిన స్వేచ్ఛను వంశావళులయందు చూపలేదు.

పదునెనిమిదవ శతాబ్దమునకు వచ్చునప్పటికి వంశావళులే యుద్ధభూమి అయినవి. వోల్టేరు వంటి సంశయవాదులకు బైబిలుకంటె పురాతనమైన సాక్షి ఒకడు కావలసివచ్చెను. 1760లో భారతదేశమునుండి తిరిగివచ్చిన ఒక ఫ్రెంచి అధికారి ఆయనకు ‘ఎజూర్‌వేదం’ అను ఫ్రెంచి వ్రాతప్రతిని ఇచ్చెను. యజుర్వేదమను పేరునకు అది ఫ్రెంచి ఉచ్చారణ. అందులో సుమంతుడను ఋషి వ్యాసునితో సంభాషించుచు, విగ్రహారాధనమును ఖండించి ఏకేశ్వరుని బోధించును. వోల్టేరు పరమానందభరితుడై, అలెగ్జాండరు దండయాత్రకు పూర్వపు గ్రంథమని దానిని కొనియాడి, 1761లో ఫ్రాన్సు రాజగ్రంథాలయమునకు సమర్పించెను. మోషేకు ఋణపడని శుద్ధమైన ఏకేశ్వరవాదము గంగాతీరమున ఉండెనని చూపుటకు ఇంతకంటె ఏమి కావలెను?

అది వేదము కాదు. 1782లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున పియేర్ సొన్నరా, ఇది మచిలీపట్టణమున ఒక మిషనరీ వ్రాసిన వాదగ్రంథమని స్పష్టముగా చెప్పెను. 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ పుదుచ్చేరి మిషను గ్రంథములలో దాని తోటి వ్రాతలను కనుగొనెను. తెలుగు సంస్కృతజన్యము కాదని, దక్షిణభాషాకుటుంబమునకు చెందినదని కాంప్‌బెల్ వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో ఆ సంవత్సరముననే నిరూపించిన ఎల్లిసే ఈయన. ఎవరు వ్రాసిరను వివాదము తరువాత చాలకాలము నడచినది. జెసూయిటు మిషనరీల వ్రాత అనుటలో సందేహము మిగులలేదు. హిందువులను క్రైస్తవమునకు సిద్ధపరచుటకు క్రైస్తవ ప్రచారకులు కూర్చిన పుస్తకమును, క్రైస్తవమునకు ప్రతికూలమైన ఆయుధముగా ఐరోపాలోని సంశయవాదాగ్రేసరుడు పట్టుకొనియుండెను. సంశయించుటయే వృత్తిగా గల వ్యక్తి తనకు ప్రియమైన సాక్ష్యము దొరికినప్పుడు దానిని సంశయింపలేదు.

కలకత్తాలో ఇదే ప్రశ్న అధికారుల ఎదుట నిలిచెను. 1776లో నతానియల్ హాల్‌హెడ్ హిందూధర్మశాస్త్ర సంకలనమును ఇంగ్లీషున ప్రకటించుచు, పీఠికలో నాలుగు యుగముల ప్రమాణములను ఉదహరించి, వాటి ఎదుట మోషే కాలగణన అల్పమైనదన్న భావము కలుగునట్లు వ్రాసెను. ఇంగ్లండులో అలజడి రేగినది. కాలక్రమమున ఈ హాల్‌హెడే రిచర్డ్ బ్రదర్స్ అను స్వయంప్రకటిత ప్రవక్తకు శిష్యుడై, 1795లో పార్లమెంటులో అతని పక్షమున ప్రసంగించి పరిహాసపాత్రుడయ్యెను. ఒక కొసనుండి మరియొక కొసకు ఇంత వేగముగా దూకినవారు అరుదు.

జోన్సు అట్టి చపలుడు కాడు. 1788 జనవరిలో వ్రాసిన ‘హిందువుల కాలగణన’ అను వ్యాసమునకు ఆధారముగా, వారన్ హేస్టింగ్సు కోరికపై పండిత రాధాకాంతుడు కూర్చిన పురాణార్థప్రకాశమును గ్రహించెను. పండితుడు చెప్పినదానిని గౌరవముతో నమోదు చేసెను. ఆ పిమ్మట తన తీర్పు ఇచ్చెను. పదునలుగురు మనువులలో చరిత్రకు చెందినవారు ఇద్దరే: స్వాయంభువ మనువు ఆదాము, వైవస్వత మనువు నోవహు. మత్స్యావతారకథలో సత్యవ్రతుడు ఓడనెక్కి సప్తర్షులతో ప్రళయజలమును దాటుట నోవహు జలప్రళయమునకు భారతీయ రూపము. హిరణ్యకశిపుడు బైబిలులోని నిమ్రోదు. బలి బాబిలోను వారి బేలు. యుగములన్నియు ముడుచుకొని అషర్ చట్రమున ఇమిడిపోయినవి.

పోతన భాగవతమున అష్టమస్కంధపు చివర ఆ మత్స్యకథను పారాయణము చేసినవారికి జోన్సు చేసిన పని ఏమిటో వెంటనే తెలియును. అందులో భగవానుడు రాజర్షికి ప్రళయజలములపై తత్త్వోపదేశము చేయును. వేదములు అపహరింపబడుట, రక్షింపబడుట, శరణాగతి, ఇవి కథకు ప్రాణము. జోన్సునకు కావలసినది జలము, ఓడ, తేదీ. ఆయన దురుద్దేశముతో చేసెనని అనరాదు. సంస్కృతమును ఆయనవలె ప్రేమించిన పాశ్చాత్యులు ఆనాడు తక్కువ. తన గ్రంథమును తేదీల పట్టికగా చదువుట నేర్చినవాడు ఇతరుల గ్రంథమును కూడ అట్లే చదివెను.

ఈ పఠనపద్ధతి పర్యవసానము కాశీలో బయటపడెను. ఫ్రాన్సిస్ విల్ఫర్డ్ అను సైనికాధికారి పురాణములలో బైబిలు కథలున్నవని దృఢముగా నమ్మి, తనకు కావలసిన కథలను తన పండితునకు ముందుగా వివరించి, అట్టివి వెదకి తెమ్మనెను. పండితుడు తెచ్చెను. పద్మపురాణమునుండి అని చూపిన ఒక భాగమున సత్యవర్మయను రాజునకు శర్మ, చర్మ, జ్యాపతి అను ముగ్గురు కుమారులు! నోవహు కుమారులు షేము, హాము, యాపెతు. 1792లో ఇది ప్రకటింపబడినప్పుడు జోన్సు సైతము నమ్మెను. తుదకు తన చేతనున్న ప్రతులను నిశితముగా పరీక్షింపగా, పండితుడు పేర్లు చెరిపి మార్చెననియు శ్లోకములు కల్పించెననియు విల్ఫర్డ్ గ్రహించి, 1805లో ఆ సంగతిని ముద్రితముగా ఒప్పుకొనెను. అప్పటికి జోన్సు మరణించి పదకొండు సంవత్సరములు గడచినవి. ఆ పండితుని నిందించుట తేలిక. జీతమిచ్చు దొర ముందే జవాబు చెప్పి ప్రశ్న అడిగినప్పుడు వెలువడునది అట్టి పురాణమే. వోల్టేరును మోసగించిన గ్రంథము విశ్వాసుల సృష్టి. విల్ఫర్డును మోసగించినది అతని సొంత విశ్వాసపు ప్రతిధ్వని.

ఇదే కాలమున ఖగోళగణితమునుండి వేరొక వాదము లేచెను. శుక్రగ్రహణమును చూచుటకు పుదుచ్చేరి చేరి, 1769లో మేఘములచే వంచితుడైన ల జాంతీ అను ఫ్రెంచి ఖగోళజ్ఞుడు, ఆ నిరాశలో స్థానిక పంచాంగగణన నేర్చుకొని పారిసు చేరెను. అంతకుముందే 1750 ప్రాంతమున జెసూయిటులు పంపిన పట్టికలు రెండు అచ్చట ఉండెను. వాటిలో ఒకటి కృష్ణాపురమునది. రెండవదానిపై ఊరి పేరు లేదు. అందలి దినప్రమాణసూత్రము 16 డిగ్రీల 16 నిమిషముల అక్షాంశమునకు సరిపోవుటచే అది నరసాపురమునది కావచ్చునని బాయీ అను పండితుడు ఊహించెను. 1787లో ఆయన, కలియుగారంభమైన క్రీ.పూ. 3102 నాటి గ్రహస్థితి వెనుకకు లెక్కించినది కాదని, కన్నులతో చూచి వ్రాసినదని వాదించెను. అషర్ లెక్కలో జలప్రళయము క్రీ.పూ. 2348. అనగా ప్రళయమునకు ఏడువందల ఏండ్ల ముందునుండి భారతీయులు గ్రహములను చూచుచుండిరి, మునిగిపోలేదు!

ఈ వాదమును ఇంగ్లీషువారికి పరిచయము చేసినవాడు ఎడిన్‌బరో ఆచార్యుడు జాన్ ప్లేఫేర్. ఆయన స్కాట్లండు చర్చి పురోహితుడు కూడ. 1788లో జేమ్స్ హట్టనుతో పడవపై వెళ్లి సిక్కర్ పాయింట్ అను తీరమున, నిట్టనిలువుగా తిరిగిన పాతశిలల కొసలు కోతకు గురియైన పిమ్మట వాటిపై అడ్డముగా పరచుకొనిన క్రొత్తశిలలను చూచెను. ఒక సముద్రగర్భము పర్వతమై, అరిగి, మరల సముద్రగర్భమై, మరల పైకి లేచుటకు ఎంత కాలము పట్టియుండును? ఆ కాలగర్భమును చూచి తల తిరిగినదని తరువాత వ్రాసెను. రెండేండ్లకే 1790లో బ్రాహ్మణుల ఖగోళముపై ఆయన వ్యాసము వెలువడినది. శిలలును పట్టికలును ఒకే మనస్సున కలిసినవి. వాటి భవితవ్యము మాత్రము వేరైనది. శిలల సాక్ష్యము నాటినుండి బలపడుచునే వచ్చినది. పట్టికల సాక్ష్యమును లాప్లాసు ఖండించెను: 3102 చూచినది కాదు, అందరు గ్రహములను ఒకచోట చేర్చుటకు వెనుకకు గణించిన ఆదిబిందువు. విద్వాంసులు నేడును ఆయనతోనే ఏకీభవింతురు. జాన్ బెంట్లీ అను కలకత్తా గణకుడు అవతలి అంచునకు పోయి, భారతీయ ఖగోళమున ప్రాచీనతయే లేదనెను. ఆ ప్రాచీనతను అంగీకరించుట మోషే వాక్యమునకు, తన మతమునకు పునాది త్రవ్వుట అని బాహాటముగా వ్రాసెను. అట్టివాని గణితమున గణితమెంత, భయమెంత?

జోన్సు, బెంట్లీల పేర్లు తెలుగుదేశమున మరల వినబడినది పండిత కోట వేంకటాచలం గ్రంథములలో. 1953లో విజయవాడనుండి ప్రకటించిన ఇంగ్లీషు గ్రంథమున ఆయన, సృష్టికి క్రీ.పూ. 4004 అను ఎల్లను కాపాడుటకే పాశ్చాత్యులు భారతచరిత్రను కుదించిరని ఆరోపించెను. ఆ మాట నేటికిని భక్తసమాజములలో ప్రచారమున ఉన్నది. అందులో సగము నిజము. 1788 నాటి మన్వంతరవ్యాసమున జోన్సు చేసినది అక్షరాల అదే. కాని 1793లో ఆయన గ్రీకుల సాండ్రకొట్టసు మౌర్య చంద్రగుప్తుడని గుర్తించుటకు ఆదికాండముతో పని లేదు. అది గ్రీకు రాయబారి వ్రాతలపైనను, పాటలీపుత్రమును శోణానదిని గుర్తించుటపైనను నిలిచినది. 1830ల చివర ప్రిన్సెప్ అశోకుని లిపిని చదివిన పిమ్మట, పదమూడవ శిలాశాసనమున అంతియోకాది అయిదుగురు యవనరాజుల పేర్లు దొరికినవి. వారి కాలము గ్రీకు చరిత్రచే స్వతంత్రముగా తెలిసినదే. ఆ శాసనపాఠము కర్నూలు ప్రాంతపు ఎఱ్ఱగుడి బండలపైనను చెక్కబడి ఉన్నది. ఒక గ్రంథకర్త ఒకచోట పక్షపాతముతో తప్పినందున మరియొకచోట చెప్పినదంతయు కుట్ర కాజాలదు.

ఇంతలో ఆదికాండమును చదువు విధమే మారినది. 1872 డిసెంబరు 3న లండనులో జార్జి స్మిత్ అను మ్యూజియము ఉద్యోగి, నీనెవె శిథిలములనుండి వచ్చిన మట్టిఫలకముపై నోవహు కథను పోలిన జలప్రళయకథ కలదని చదివి వినిపించెను. త్వరలో బాబిలోనువారి సృష్టికావ్యమును దొరికినది. అందులో మార్దూకు దేవుడు తియామతు అను సముద్రరాక్షసిని సంహరించి, ఆమె దేహమును రెండుగా చీల్చి భూమ్యాకాశములను చేయును. ఆదికాండపు రెండవ వచనమున ‘అగాధజలము’నకు హీబ్రూలో నున్న మాట తెహోము, తియామతునకు జ్ఞాతిశబ్దము. అయితే ఇచ్చట యుద్ధము లేదు, రాక్షసి లేదు, మాటతోనే సృష్టి. సూర్యచంద్రులకు పేర్లు సైతము లేవు, పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అని మాత్రమే. బాబిలోనులో ఆ పేర్లు దేవతలవి. క్రీ.పూ. 586లో యెరూషలేము దేవాలయము కూలి, బాబిలోనుకు చెరగా పోయిన జాతి, తనను జయించినవారి దేవతల నడుమ కూర్చుండి ఈ వాక్యములను పలికెనని, లేదా వాటికి తుదిరూపమిచ్చెనని పెక్కుమంది పండితుల అభిప్రాయము. ఈ దృష్టితో చదివినప్పుడు నాలుగవ దినపు సూర్యుడు భౌతికశాస్త్రమున దోషము కాడు. రాజాధిరాజుల దేవుని దీపముగా దించిన ధిక్కారము. సంశయవాది ఎత్తిచూపిన అసంగతమే విశ్వాసికి వచనములోని అత్యంత బలమైన స్థానమైనది.

వైదికసంప్రదాయమున సృష్టివాక్యములపై ఇంతకంటె కఠినమైన ప్రశ్నలు ఆస్తికులే వేసిరి. సుమారు 7వ శతాబ్దపు కుమారిలభట్టు వేదప్రామాణ్యమునకు జీవితమును ధారపోసినవాడు. ఆయన శ్లోకవార్తికమున, ఏమియు లేని వేళ ప్రజాపతి ఎచ్చట నుండెను, ఏ శరీరముతో నుండెను, ఆ వేళ ఆయనను చూచి తరువాతివారికి చెప్పినవారెవరు అని అడుగును. దయతో సృజించెనన్నచో, దయ చూపుటకు ప్రాణులే లేరు గదా. దయయే ఉన్నచో లోకమును సుఖమయముగనే చేసియుండవలసినది. ప్రజాపతియే స్వయముగా చెప్పెనన్నచో, తన మహిమను చాటుకొనుటకు చెప్పియుండవచ్చును! మీమాంసకునకు ఈ లోకము ఎన్నడును ఇట్లు కాక మరియొక విధముగా నుండలేదు, సృష్టివాక్యములు అర్థవాదములు. మానీ మతస్థులు అగస్టీనును అడిగిన ప్రశ్నలను ఇచ్చట వేదరక్షకుడే అడుగుచున్నాడు. వాటివలన వేదమునందు ఆయన నిష్ఠ వీసమంతయు తగ్గలేదు.

వేదాంతము వేరు త్రోవ పట్టినది. తైత్తిరీయమున ఆత్మనుండి మొదట ఆకాశము, పిమ్మట వాయువు, ఛాందోగ్యమున సత్తునుండి మొదట తేజస్సు, ఐతరేయమున లోకములు. శంకరభగవత్పాదులు సూత్రభాష్యమున ఈ క్రమములను సమన్వయించుటకు శ్రమించిరి. అయినను ప్రథమాధ్యాయముననే, సృష్టిప్రపంచము శ్రుతికి వివక్షితము కాదనియు, దానిని తెలియుటవలన పురుషార్థమేదియు సిద్ధింపదనియు, కారణబ్రహ్మమున భేదము లేదు గనుక విరోధము లేదనియు చెప్పిరి. వారి పరమగురువులు గౌడపాదులు మట్టి, లోహము, విస్ఫులింగముల దృష్టాంతములతో చెప్పిన సృష్టిని అద్వైతబుద్ధి ప్రవేశమునకు ఉపాయమనిరి. ఇక నాసదీయసూక్తము చివర వినబడు సంశయము పరమాకాశమున నున్న అధ్యక్షునివరకును పోవును.

ఇట్టి వారసత్వము గలవారే నేడు కల్పము 432 కోట్ల సంవత్సరములు, శాస్త్రజ్ఞులు చెప్పు భూమి వయస్సు సుమారు 454 కోట్లు, చూడుడు ఎంత దగ్గర అని మురియుట వింతగా నుండును. అది విల్ఫర్డు పనియే, దిక్కు మారినది. పైగా ఆ లెక్క పురాణమునకే సరిపడదు. 432 కోట్లు కల్పపు పూర్తి ప్రమాణము. గడచినది ఆరు మన్వంతరములు, ఏడవదానిలో ఇరువదియేడు మహాయుగములు, ఇరువదియెనిమిదవదానిలో మూడు యుగములును కలిలో కొంతయు, మొత్తము సుమారు 197 కోట్లు మాత్రమే. నిత్యము సంకల్పమున శ్వేతవరాహకల్పమును, వైవస్వతమన్వంతరమును, కలిప్రథమపాదమును ఉచ్చరించువారు ఆ వాక్యమున తాము ఎచ్చట, ఏ వేళ కర్మకు కూర్చుండిరో చెప్పుకొందురు. భూగర్భశాస్త్రముతో పందెము వేయరు.

అగస్టీను తన డెబ్బదియవ పడి దాటిన పిమ్మట, సుమారు 427లో, తాను వ్రాసిన గ్రంథములన్నింటిని ముందు వేసుకొని ఒక్కొక్కదానిపై పునర్విమర్శ వ్రాసెను. ఆదికాండపు బృహద్వ్యాఖ్య వంతు వచ్చినప్పుడు, అందులో దొరికిన సమాధానములకంటె అడిగిన ప్రశ్నలే ఎక్కువయనియు, దొరికినవానిలోను స్థిరపడినవి కొన్నియే యనియు, తక్కినవి ఇంకను వెదకవలసినవిగనే విడిచితిననియు నమోదు చేసి, తరువాతి గ్రంథమునకు సాగెను.